పైనుంచి కిందకి ఇరవై రెండిళ్లు

మా ఇంట్లో కోళ్లు అక్కవి, మేకలు నావి. అక్క అంటే నా తోడికోడలు, మా బావగారి భార్య. ఆవిడ కోళ్ల జోలికి నేను వెళ్లను, నా మేకల జోలికి ఆవిడ రాదు. ఒకసారి నా మేక ఆవిడ కోళ్ల గూడెక్కి రేకు సొట్ట పెడితే రెండు రోజులు మాటల్లేవు. అంతకు మించి మా మధ్య గొడవలు లేవు. పద్నాలుగేళ్లుగా ఒకే వంటింట్లో తిరుగుతున్న ఇద్దరు ఆడవాళ్లకి ఇది తక్కువేం కాదు.

సందులో అందరూ ఆవిణ్ణి చుక్కలక్క అంటారు. ఎనిమిదేళ్ల కిందట కొక్కెర తెగులు వచ్చి ఆవిడ కోళ్లు ముప్పై ఒకటీ మూడు రోజుల్లో పోయాయి. మెడలు మెలికలు తిరిగాయి, పచ్చగా పారుకున్నాయి, రెక్కలు నేలకి వేలాడేశాయి. ఆ ఏడుపు నేను చూశాను. వాళ్ల నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఏడ్చి, మొహం కడుక్కుని, బస్సెక్కి పశువుల ఆసుపత్రికి వెళ్లి, "ఇది మళ్లీ రాకుండా ఏం చెయ్యాలో చెప్పండి, చెప్పేదాకా ఇక్కణ్ణించి కదలను" అని బెంచీ మీద కూర్చుంది. డాక్టరు మంచివాడై నేర్పాడో, పీడ వదిలించుకోవడానికి నేర్పాడో గానీ నేర్పాడు. చిన్న సీసాలో పొడి మందు ఉంటుంది. దానితో పాటు ఇచ్చే నీళ్లలో కలిపి కోడి కంట్లో ఒక్క చుక్క వెయ్యాలి. రెండే షరతులు. కలిపేదాకా మందు చల్లగా ఉండాలి. కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి. ఏ ఒక్కటి తప్పినా సీసాలో మిగిలేది ఉత్త నీళ్లే.

అప్పటినుంచి మూడు నెలలకోసారి మా సందు మొత్తానికి ఈవిడే వేస్తోంది. మా సందు ఏటవాలుగా ఉంటుంది. పైన నీళ్ల ట్యాంకు దగ్గర మొదలై కిందకి దిగుతుంది, ఇరవై రెండిళ్లు. అన్నిళ్లలోనూ పెరట్లో నాలుగో పదో కోళ్లుంటాయి. అక్క గేటు తోసుకుని వెళ్లిపోతుంది, ఎవరినీ అడగదు. కోడిని చంకలో ఇరికించుకుని, తల పక్కకి తిప్పి, చుక్క వేసి వదిలేస్తుంది. ఇంటివాళ్లు పలకరించేలోపు పక్కింట్లో ఉంటుంది. ఈ ఎనిమిదేళ్లలో ఆ తెగులుతో సందులో ఒక్క కోడీ పోలేదు. ఆ గర్వం ఆవిడ నడకలోనే తెలిసిపోయేది. "ఏం డాక్టరమ్మా, ఈ పేదవాళ్లని కూడా కాస్త చూడండి" అని నేను ఏడిపించేదాన్ని.

అలాంటిది మొన్న వేసవిలో చిన్నక్క కోళ్లు తూగడం మొదలుపెట్టాయి. చిన్నక్క అంటే అక్క సొంత చెల్లెలు, సందు చిట్టచివరి ఇల్లు వాళ్లది. కబురు వినగానే అక్క కొట్టిపారేసింది. "తెగులు కాదే. నా చేత్తో నేనే చుక్కలు వేశాను, నెల కూడా కాలేదు." కానీ ఆ మధ్యాహ్నం గోడవతల నుంచి చూసొచ్చింది. ఒక పెట్ట మెడ వెనక్కి తిరిగిపోయి గుండ్రంగా తిరుగుతోందట. అది చెప్పేటప్పుడు అక్క పెదాలు పాలిపోయాయి.

మాకు ఫ్రిజ్ లేదు. మందు తెచ్చాక సందు మొదట్లో కూల్‌డ్రింకుల కొట్టులో పెడుతుంది. పోయిన విడత మందు తేగానే తనకి జ్వరం రావడంతో సీసా ఆరు రోజులు అక్కడే ఉండిపోయింది. ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని ఆ కొట్టుకి వెళ్లింది. కొట్టు పెద్దాయన పోయిన ఏడాదే కొట్టు అల్లుడికి అప్పగించాడు. అక్క ఏదీ నేరుగా అడగలేదు. "నీ ఫ్రిజ్ బాగానే పని చేస్తోందా బాబూ?" అంది.

"బ్రహ్మాండంగా ఉందండీ. రాత్రి కొట్టు కట్టేటప్పుడు స్విచ్ తీసేస్తాను. పొద్దున ఆరింటికి వేశానంటే పదింటికల్లా సోడాలు చల్లబడిపోతాయి. కరెంటు కూడా కలిసొస్తుంది" అన్నాడు, తన తెలివికి తనే మురిసిపోతూ.

అక్క అక్కడున్న ఖాళీ సీసాల పెట్టె మీద కూర్చుండిపోయింది. ఆరు రాత్రులు వెచ్చబడిన మందు. అంటే సందులో నూటికి పైగా ఉన్న కోళ్లలో ఒక్కదానికీ రక్షణ లేదు, తెగులేమో చివరింట్లో కూర్చుంది.

ఇంటికొస్తూ నేను ఉన్నమాట చెప్పాను. "అక్కా, నోరు మూసుకుందాం. ఈ సంగతి ఎవరికి తెలుసు? రేపు కొత్త మందు తెచ్చి, రెండో డోసు అని చెప్పి వేసెయ్యి. కోళ్లూ బతుకుతాయి, నీ పేరూ బతుకుతుంది."

"అబద్ధం చెప్పి వేస్తే, వీళ్లు కోళ్లని కట్టేస్తారా? తెగులు ఎంత దగ్గరగా ఉందో తెలియకుండా సందులోకి వదిలేస్తారు" అంది. నాకు ఒళ్లు మండింది. ఎనిమిదేళ్ల పేరు ఒక్క పూటలో మట్టిలో కలుపుకుంటానంటే ఎవరికి మండదు?

మర్నాడు తొలి బస్సుకి వెళ్లి ఫ్లాస్కు నిండా ఐసు, అందులో సీసా పెట్టుకుని ఎనిమిదిన్నరకల్లా దిగింది. డాక్టరు చెప్పిన మాటలు వచ్చీ రాగానే నాకు వినిపించింది, నాకంటే తనకే చెప్పుకున్నట్టుంది. తెగులు సోకిన కోడికి చుక్క వేసి లాభం లేదు. బాగున్న ఇళ్లతో మొదలుపెట్టి తెగులున్న వైపు రావాలి గానీ, అటునుంచి ఇటు రాకూడదు. చేతులకీ చెప్పులకీ అంటుకుని తెగులు మనతో పాటే నడుస్తుంది. ప్రతి గేటు దగ్గరా సబ్బునీళ్లతో కడుక్కోవాలి. చిన్నక్క గడప మాత్రం తొక్కకూడదు.

నేను మేకల్ని మేతకి వదలకుండా కట్టేశాను. అవి గొంతు చించుకుని అరుస్తుంటే, సబ్బునీళ్ల బకెట్టు పట్టుకుని ఆవిడ వెనకాల బయల్దేరాను. ట్యాంకు దగ్గర మందు కలిపింది. గడియారం చూసి, "తొమ్మిది. పదకొండు దాకా" అంది.

మొదటి గేటు దగ్గర ఆగింది. ఈ సందులో ఏ గేటు దగ్గరైనా ఆవిడ ఆగడం నేను చూడటం అదే మొదటిసారి. స్కూలు బస్సు డ్రైవరు తల్లి బయటికొచ్చింది.

"పెద్దమ్మా, నేను పోయినసారి వేసింది చచ్చిన మందు. చల్లదనం పోయింది, చూసుకోలేదు. తప్పు నాదే. కింద తెగులుంది. కోళ్లని బయటికి వదలొద్దు. మళ్లీ వేస్తాను, వేయించుకుంటారా?"

పెద్దమ్మ రెండు క్షణాలు మొహంలోకి చూసింది. "వెయ్యి తల్లీ" అంది. ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు కాకుండా, పనిమనిషితో మాట్లాడినట్టు అంది. అక్కకి అది తగిలింది, నేను చూశాను.

రెండో గేటు దగ్గర నేను ఆగలేకపోయాను. అక్క నోరు తెరిచేలోపు, "రెండో డోసు వదినా, ఐదు నిమిషాల పని" అనేశాను. అక్క నా వైపు చూసిన చూపుకి బకెట్టులో నీళ్లు గడ్డకట్టాల్సింది. మళ్లీ మొదటినుంచీ చెప్పింది, చచ్చిన మందు, తప్పు నాదే. ఆ ఇంట్లో నా అబద్ధం సర్దడానికే మూడు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత నేను నోరు మెదపలేదు.

ఐదో ఇల్లు టైలరుగారి భార్యది. ఆవిడ గేటు గొళ్లెం మీంచి చెయ్యి తియ్యలేదు. "అప్పుడు నీళ్లు వేసి మందన్నావు. ఇప్పుడు మందంటే నమ్మాలా? నా కోళ్ల మీద నేర్చుకోవడానికి నీకు చోటు లేదమ్మా" అంది. అక్క బతిమాలింది. ఎనిమిదేళ్లలో ఎవర్నీ బతిమాలని మనిషి, గేటు ఊచ పట్టుకుని బతిమాలింది. టైలరుగారి భార్య లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఏడు నిమిషాలు పోయాయి. నాకు ఆ తలుపు విరగ్గొట్టాలనిపించింది.

ఆ తర్వాత వేగం పెరిగింది. చెప్పడం, కడుక్కోవడం, పట్టడం, చుక్క, మళ్లీ కడుక్కోవడం. సబ్బునీళ్లకి ఆవిడ వేళ్లు నానిపోయి ముడతలు పడ్డాయి. తొమ్మిదో ఇల్లు మాదే, వరసలోనే మా కోళ్లకీ వేసింది. పదమూడో ఇంటికి పదీ ఇరవై. ఇంకా ఎనిమిదిళ్లు, నలభై నిమిషాలు. సరిపోతుందని నేను లెక్క కట్టుకుంటున్నాను.

అప్పుడు చిన్నక్క కనిపించింది. సందులో కిందనుంచి ఎక్కి వస్తోంది, చంకలో తువ్వాలు చుట్టిన పెట్ట. దాని తల ఒక పక్కకి వాలిపోయి ఊగుతోంది.

"అక్కడే ఆగు!" అక్క కేకకి ఇళ్లల్లోంచి జనం బయటికొచ్చారు. "చెల్లీ, ఇంక ఒక్క అడుగు వెయ్యకు!"

చిన్నక్క ఆగింది గానీ, అర్థం కానట్టు చూసింది. "పొద్దుట్నుంచీ ఎదురు చూస్తున్నా. ఊళ్లోవాళ్లందరికీ వేస్తున్నావట. తోడబుట్టినదాన్ని, నా ఇల్లు గుర్తు రాలేదా? దీనికొక్కదానికైనా వెయ్యి అక్కా, ఇది పొదిగే పెట్ట."

"వేసినా బతకదే. నీ వాటికి ఇంక మందు లేదు."

"నువ్వే కదా వేశావు నా కోళ్లకి!"

"వేశాను. అది పాడైపోయిన మందు. నీ కోళ్లు నా వల్లే పోతున్నాయి." సందంతా వింటుండగా అంది. "పైకి రాకు. నీ కాళ్లకి దణ్ణం పెడతాను, వెనక్కి వెళ్లు."

ఇక్కడ నేను నోరు జారాను. "సంతలోంచి రెండు కోళ్లు తెచ్చి కలిపింది నువ్వు కాదా చిన్నక్కా? తెగులు వాటితో కదా వచ్చింది" అన్నాను. నిజమే, కానీ ఆ నిమిషంలో అనాల్సింది కాదు. చిన్నక్క మొహం మాడిపోయింది. "అయితే మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి" అని, తువ్వాలు విప్పి పెట్టని సందు మధ్యలో దింపేసి, చేతులు దులుపుకుంది.

పెట్ట తూలుతూ రెండడుగులు పైకి వేసింది. అక్క ముందుకి దూకబోయి ఆగింది. ముట్టుకుంటే ఆ చేతులు ఇంకే కోడినీ పట్టడానికి పనికిరావు. నా వైపు చూసింది. నేను బకెట్టు అక్కడే పెట్టేసి, వెళ్లి పెట్టని రెండు చేతులా పట్టుకున్నాను. వెచ్చగా కాలిపోతోంది. ఇప్పుడు నేను కూడా పైకి వెళ్లకూడదు. చిన్నక్కతో పాటు కిందకి దిగి, వాళ్ల గేటు ముందు నిలబడిపోయాను.

అక్క ఒక చేత్తో ఫ్లాస్కు, ఒక చేత్తో బకెట్టు పట్టుకుని ఒక్కతే పద్నాలుగో గేటు తట్టింది. ఒక్కో గేటు దిగి మా వైపు వస్తోంది. పదహారు, పద్దెనిమిది. చిన్నక్క అటు చూడలేదు, ఇటూ చూడలేదు. పదకొండుకి అక్క ఇరవయ్యో ఇంట్లోంచి బయటికొచ్చింది. ఇంకొక్క ఇల్లుంది, తర్వాత చెల్లెలిదే. గడియారం చూసుకుంది. సీసాలో ఇంకా మందుంది. "వేసెయ్ అక్కా, రెండు నిమిషాల్లో ఏమైపోతుంది!" అని అరిచాను. ఆవిడ ఆ మిగిలిన మందుని సబ్బునీళ్లలో ఒంపేసింది. ఇరవై ఒకటో ఇంటివాళ్లకి వెయ్యలేకపోయానని చెప్పి, కోళ్లని గదిలో పెట్టి తాళం వెయ్యమంది.

చిన్నక్క పెట్ట నా చేతుల్లోనే పోయింది. మిగతా పంతొమ్మిదీ నాలుగు రోజుల్లో పోయాయి. పై ఇళ్లల్లో మొత్తం ఐదు కోళ్లు తూగి పడిపోయాయి, తెగులు అక్కడితో ఆగింది. చుక్క వేయించుకోని టైలరుగారి భార్య కోళ్లలో ఒక్కటీ పోలేదు. ఆవిడ ఇప్పటికీ అదే మాట చెప్పుకుని తిరుగుతోంది. విన్నప్పుడల్లా నాకు ఒంటికి కారం రాసినట్టుంటుంది.

చిన్నక్క మా గుమ్మం తొక్కడం మానేసింది. అక్క కబురు పెట్టేది, గూడు సున్నం కొట్టించు, నలభై రోజులు ఖాళీగా ఉంచు అని. జవాబు ఉండేది కాదు. అన్నం దగ్గర కూర్చుని అక్క కలుపుతూనే ఉండేది, తినేది కాదు. చెల్లెలంటే ఆవిడకి ప్రాణం, ఏం చెయ్యగలం.

నలభై రోజులు దాటాక అక్క పెట్ట పిల్లల్ని దింపింది. వారం నిండిన రోజున ఆసుపత్రికి వెళ్లి మందు తెచ్చి, ఎవరి ఫ్రిజ్‌లోనూ పెట్టకుండా బస్సు దిగినది దిగినట్టే, ఎనిమిది పిల్లల్ని గంపలో పెట్టుకుని చెల్లెలి గేటు దగ్గరికెళ్లింది. నేను వెంట ఉన్నాను. చిన్నక్క గూటికి సున్నం వేసి ఉంది. అది చూసి నాకు ఊపిరాడింది.

"ఇవి నీకు. ఇవాళ చుక్క పడాలి" అంది అక్క.

చిన్నక్క గంప అందుకుంది. "పిల్లల్ని ఉంచుకుంటాను. నీ చేతి చుక్క మాత్రం నాకొద్దు" అంది.

అక్క మందు కలిపి, సీసా చెల్లెలి చేతికిచ్చింది. తను పిల్లని పట్టుకుని తల పక్కకి తిప్పింది. మొదటి చుక్క ముక్కు మీద పడింది, రెండోది అక్క వేలి మీద. "ఇంకాస్త దగ్గరగా" అంది అక్క. మూడోది కంట్లో పడింది. ఎనిమిదింటికీ చిన్నక్కే వేసింది. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదు.

"మళ్లీ ఎప్పుడు వెయ్యాలి?" అని అడిగింది చిన్నక్క, సీసాకి మూత పెడుతూ.

అక్క తేదీ చెప్పింది. వెయ్యడానికి వస్తానని మాత్రం అనలేదు.