పసుపు పాదాల మిద్దె

దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ గోడకు ఆనకండి, సున్నం అంటుతుంది. దయ్యాల కథ చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను గానీ, గొంతు తగ్గించి భయపెట్టడం నాకు చేతకాదు. చేతిలో చిక్కుడుకాయలుంటే ఈనెలు తీస్తూనే వినండి.

నేను పెళ్లయి ఎడపల్లి దగ్గరి ఊరికి వచ్చేనాటికి హైదరాబాదు ఆంధ్రతో కలిసి ఎక్కువ కాలం కాలేదు. మా పుట్టిల్లు జక్రాన్‌పల్లి వైపు. అక్కడ ఇంటినిండా మనుషులు, ఎవరి కాలు ఎవరికి తగులుతుందో తెలియనంత మంది. ఇక్కడ అత్త లేదు, మామ లేడు. నా భర్తకు బోధన్ చెక్కర ఫ్యాక్టరీలో సీజను పని. చెరకు ఆడినన్నాళ్లూ తోటివాళ్లతో అక్కడే ఒక గదిలో ఉండి, సెలవు దొరికినప్పుడు వచ్చేవాడు. వచ్చినప్పుడు అతని బట్టలకు చెరకు మడ్డి వాసన. వెళ్లిపోయాక ఆ వాసన దుప్పటికి మిగిలేది. అది పోయేదాకా నేను దుప్పటి ఉతికేదాన్ని కాదు. ఇంట్లో నేనూ, పొయ్యీ, ఒక కోడీ. మాట్లాడే మనిషి లేక ఆ కోడికే ఇంటి సంగతులన్నీ చెప్పుకునేదాన్ని.

ఊరి చివర దొర గడి ఉండేది. గడి అంటే కోటలాంటి ఇల్లు. ఏనుగు పట్టేంత దర్వాజ, లోపల వాకిలి, వాకిట్లో బావి, పైన మిద్దె. భూముల చట్టాలు వచ్చాక దొర ఇంటిల్లిపాదినీ తీసుకుని పట్నం వెళ్లిపోయాడు. ఆ రోజు ఊరంతా నిలబడి చూసిందట. సామాన్ల బండ్లు పోయాక చివర పరదా కట్టిన సవారి బండి బయటికి వచ్చింది. అందులో దొర చెల్లెలు ఉందన్నారు. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషి. గడి ఆడవాళ్లు పరదా లేకుండా గడప దాటరు, ఊళ్లో ఎవరూ వాళ్ల ముఖం చూసి ఎరగరు. అందుకని జనం పరదాకే దండం పెట్టి పంపించారు. తర్వాత దర్వాజకు తాళం పడింది. కావలికి ఒక ముసలి తాత మిగిలాడు.

కింది గదుల్ని నిజామాబాదు పసుపు సావుకారి ఒకాయన తీసుకుని బస్తాలు వేయించాడు. పసుపు కొమ్ములు ఏరడానికి ఊరి ఆడవాళ్లను కూలికి పెట్టాడు. ఇంట్లో కోడి ముఖం చూస్తూ కూర్చోలేక నేనూ పోయాను.

అక్కడే ఆ కథ మొదట విన్నాను. చెప్పేది మాలో అందరికంటే పెద్దదైన ఒక అవ్వ. కొమ్ములు ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పేది. దొర మొదటి భార్య ఆ మిద్దె మీదే తొలి కాన్పులో చనిపోయిందట. పసుపుకుంకాలతో పోయిందట. పొద్దు గూకాక ఇప్పటికీ మెట్లు దిగి వాకిట్లో తిరుగుతుందట. నమ్మకపోతే మెట్లు చూడండి అనేది. నిజంగానే మెట్ల మీద పసుపు అడుగులు కనిపించేవి, సన్నటి ఆడమనిషి పాదాలు, పైకి పోయేవి.

"ముండమోసినామె కాళ్లకు పసుపు రాసుకుంటదా?" అని అడిగేది అవ్వ. "గవి ముత్తైదువ పాదాలు. దొర చెల్లెలివి కావు, బతికున్నోళ్లవి కావు."

దానికి ఎదురు చెప్పినవాళ్లు లేరు. కాలి పసుపును బట్టి మనిషెవరో చెప్పేయడం అక్కడివాళ్లకు పుట్టుకతో వచ్చిన లెక్క. మాది ఆదివారం ప్రార్థనకు పోయే ఇల్లు, మా ఆడవాళ్లు కాళ్లకు పసుపు రాయరు. అయినా ఆ గదుల్లో పనిచేసి ఇంటికి పోతే నా గడప మీద నా పాదాలూ పసుపు ముద్రలే వేసేవి. నేల మీద దుమ్ము అలా ఉండేది మరి. రోజూ ఆ ముద్రలు తుడిచి కూడా, మెట్ల మీది వాటిని చూస్తే అందరితోపాటు నాకూ వణుకే. కథ అంత బాగా చెప్పేది అవ్వ. ఆఖరుకు వచ్చేసరికి మాత్రం ఆపేసి, కొంగు దులుపుకుని లేచేది. ఆఖరేమిటో ఎవరికీ తెలియదు.

ఒకనాటి మధ్యాహ్నం బాజాలతో పెళ్లివాళ్లు ఊళ్లోకి వచ్చారు. అందరూ చూడడానికి పరుగెత్తారు. నా భర్త వస్తానన్న రోజు దాటి ఎంతో కాలమైంది, నాకు బాజాలు వినబుద్ధి కాలేదు. ఒక్కదాన్నే రొట్టె మూట విప్పుకుని కూర్చున్నాను. మిద్దె మీద ఎవరో దగ్గారు.

పసుపు దుమ్ము గొంతులో పడితే వచ్చే దగ్గు అది. పొడిగా, ఆగి ఆగి వస్తుంది. మేమందరం దగ్గే దగ్గే. ఊపిరి లేనిదానికి దుమ్ము గొంతులోకి ఎట్లా పోతుంది అనిపించింది. లేచి మెట్లెక్కాను. ధైర్యంతో ఎక్కానని చెప్పను. ఎవరో ఉన్నారన్న ఆశ భయం కంటే ముందు నడిచింది.

పైన పొడుగాటి గది. గాజు దీపాల గుత్తిని గోనెలో కట్టి వేలాడదీశారు. నిలువుటద్దం మీద గుడ్డ కప్పి ఉంది. గోడ మీద జింక తలకు ఒక కన్ను ఊడిపోయింది. ఉయ్యాల గొలుసులు ఉన్నాయి, బల్ల లేదు. జాలీ కిటికీ పక్కన తెల్లచీర కట్టుకున్న మనిషి కూర్చుని ఉంది. నుదుట బొట్టు లేదు. మా పెద్దక్క వయసు ఉంటుంది. పాదాలు పసుపు పచ్చగా ఉన్నాయి.

"భయమైతలేదా?" అని అడిగింది.

"దగ్గు ఇన్న దొరసాని. గందుకే వచ్చిన."

"దొరసాని అనకు. దయ్యానికి దొరసానేంది?" అని నవ్వింది. నవ్వు మధ్యలో మళ్లీ దగ్గు వచ్చింది.

ఆమె దొర చెల్లెలే. పట్నంలో అన్న ఇల్లు చిన్నదట. ఆమెకు వంటింటి వెనక గాలి రాని గది చూపిస్తామన్నారట. ఈ కిటికీ నుంచి ఎంతో దూరం చెరకు కనిపిస్తుంది, అది వదిలి రానని మొండికేసింది. ఆడపడుచును వదిలేసి పోయారన్న మాట పడకుండా, అన్న ఆమె బండికి పరదా కట్టించి ఖాళీగానే నడిపించాడు. ఊరు దండం పెట్టింది ఆ ఖాళీ బండికి. కావలి తాత గింజలు తెచ్చి పెడతాడు, ఆమె వండుకుంటుంది. పొద్దు గూకాక నీళ్లకని బావి దగ్గరికి దిగుతుంది. అప్పుడు అంటిన పసుపే మెట్ల మీదిది.

నేను మూటలోని జొన్నరొట్టె చూపించి, మా ఇంటి రొట్టె మీరు తింటారా అని అడిగాను. ఊళ్లో మా చేతి నీళ్లు కూడా తాగనివాళ్లు ఉండేవాళ్లు, అందుకే అడిగాను. "దయ్యాలకు గా పట్టింపులుంటయా?" అని చెయ్యి చాచింది. ఉల్లిగడ్డతో సగం రొట్టె తిన్నది. 

ఆ రోజు నుంచి మిగతావాళ్లు తిండికి పోయినప్పుడు నేను పైకి పోయేదాన్ని. ఆమెకు కావలసింది ఊరి కబుర్లు. ఎవరి బర్రె ఈనింది, ఏ కోడలు అలిగి పోయింది, రుద్రూర్ నుంచి తెచ్చిన కొత్త చెరకు ఎవరి చేలో వేశారు, అన్నీ అడిగేది. కోడికి చెప్పుకునే సంగతులన్నీ ఆమెకు చెప్పాను. కొన్నాళ్లకు నేను అక్క అన్నాను, ఆమె చెల్లె అంది. మేం కింద కూర్చుని ఏరుతున్నప్పుడు ఆమె పై మెట్టు మీద చాటుగా కూర్చుని అవ్వ కథ వినేదట.

"మంచిగ జెప్తది గామె. ఆఖరు మాత్రం చెప్పదు. నేనేమైతనో నాకే తెలుస్తలేదు."

నువ్వు బతికే ఉన్నావని వాళ్లకు చెప్పనా అని ఒకసారి అడిగాను. వద్దంది. తలుపు గొళ్లెం సరిగా పడని ఇంట్లో ఆడమనిషి ఒంటరిగా ఉంటే ఎవరు వస్తారో, ఎందుకు వస్తారో. దయ్యమనే మాటే ఆమెకు కాపలా. కావలి తాత కూడా ఆ మాటను అందుకే పెంచి పోషించాడు. కానీ ఇంకొక రోజు కింద ఆడవాళ్లు దేనికో పగలబడి నవ్వుతుంటే, ఆ నవ్వు ఆగేదాకా విని చిన్నగా అంది.

"ఒక్కసారన్న నన్ను సూసి, ఈమె బతికే ఉన్నదని ఎవరన్న అంటె సాలు చెల్లె."

ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మరుసటి ఏడు పసుపు పని అయిపోయేసరికి దొర గడి అమ్మేశాడు. కొన్నవాళ్లు దూలాల కోసం విప్పేస్తారట. అక్కను తీసుకురమ్మని సవారి బండి వచ్చింది, పరదాతో సహా. ఆమె కావలి తాతను పిలిచి, పోయినసారి పంపినట్టే ఇప్పుడూ ఖాళీగా పంపమంది. నేను నా కాళ్లతో పోతాను, నా ముఖం అందరూ చూడాలి అంది. తాత ఏడ్చాడు గానీ కాదనలేదు. పట్నానికి రైలెక్కించడానికి నేను తోడు పోయాను.

పట్టపగలు పెద్ద దర్వాజలోంచి బయటికి వచ్చింది. తల మీద కొంగు లేదు. ఊరి నడుమ నుంచే పోదామంది. తలుపులు మూసుకుంటారేమో, రాళ్లు వేస్తారేమో అని నేను ఆమెను ఆనుకునే నడిచాను. ఆమెకు మాత్రం జనం పడే ఆ భయం కూడా కావాలనే ఉంది. చూసి కెవ్వుమన్నా సరే, చూడాలి.

ఎవరూ కేక వేయలేదు. చెరకు బండి తోలుకొస్తున్న ఒకాయన పక్కకు తిప్పుకుని, మీ పెద్దక్కనా, నీ పోలికలే ఉన్నాయి అని నాతో అన్నాడు. బావి దగ్గర ఆడవాళ్లు మీ చుట్టమా అని అడిగి, జవాబు రాకముందే బిందెలెత్తుకున్నారు. పరదా వెనక బతికిన ముఖం. ఎన్నడూ చూడని ముఖాన్ని ఎవరు గుర్తుపడతారు? ఆమె చెబుదామని నోరు తెరిచేది, మాట బయటికి వచ్చేలోపు మనిషి దాటిపోయేవాడు. ఆ సమయానికే పరదా బండి ఊరి అవతలి దారిన పోతుంటే జనం ఆగి దాన్నే చూశారు.

ఎడపల్లి స్టేషన్లో కథ చెప్పే అవ్వ కూర్చుని ఉంది, నిజామాబాదులో కూతురింటికి పోతూ. మేము పక్కన కూర్చున్నాం. రైలు ఆలస్యం. అవ్వ ఊరుకుంటుందా, కొత్త మనిషి దొరికింది. మా ఊళ్లో గడి ఉంది బిడ్డా అని మొదలుపెట్టింది. మిద్దె, మెట్లు, పసుపు పాదాలు, ఏదీ వదలలేదు. అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని మొత్తం విన్నది. అవ్వ ఎప్పటిలాగే ఆఖరుకు వచ్చి ఆగింది.

అక్క నెమ్మదిగా అడిగింది. "పాపం, గామెకు అన్నం ఎవరు పెడుతుండ్రు?"

  "గది నేనెన్నడు అనుకోలే బిడ్డా," అంది అవ్వ. తర్వాత అక్క చేతుల్ని చూసింది, ఎంత సన్నగా ఉన్నాయో. కొంగు ముడి విప్పి వేయించిన పల్లీలు ఆమె దోసిట్లో పోసింది. "నువ్వు తిన్నవా మరి? ముందుగాల తిను."

నేను అప్పుడు చెప్పేద్దామనుకున్నాను. అక్క నా చెయ్యి నొక్కింది. వద్దనో, చాలుననో నాకు తెలియలేదు. రైలు వచ్చింది. అవ్వా అక్కా ఒకే పెట్టె ఎక్కారు. అక్క కిటికీలోంచి తల బయటపెట్టి, పల్లీ ఒకటి నములుతూ, రైలు మలుపు తిరిగేదాకా చెరకు వైపు చూసింది. నా వైపు చూస్తే ఏడుస్తుందని చూడలేదేమో.

తర్వాత ఆమె కబురు నాకు తెలియలేదు. కావలి తాత కొన్నాళ్లకు పోయాడు. గడి విప్పేశారు. మిద్దె పోయినా కథ పోలేదు, దయ్యం చెరకు తోటల్లోకి దిగిందన్నారు. మా పిల్లలు బడి నుంచి ఆ కథే మోసుకొస్తే, ఆమెకు జొన్నరొట్టెలో ఉల్లిగడ్డ ఇష్టమని చెప్పేదాన్ని. నవ్వేవాళ్లు. నా భర్తకు పర్మనెంటు అయింది, ఇంట్లో మనుషులు పెరిగారు. అయినా మధ్యాహ్నం రొట్టె మూట విప్పితే సగం పక్కకు పెట్టే అలవాటు నాకు చాలా ఏళ్లు పోలేదు.

నిజామాబాదులో దయ్యం సినిమా ఆడితే పిల్లలు నన్ను లాక్కుపోయేవాళ్లు. హాల్లో ఆడవాళ్ల తరగతి ముందు పరదా ఉండేది, దీపాలు ఆర్పాక తీసేవాళ్లు. ఏ సినిమా చూసినా ఒకటే. పాడుపడిన భవంతి, కిర్రుమనే తలుపు, మేడ మీద తెల్లచీర కట్టుకున్న మనిషి పాట. చిన్నకోడలు చదివి వినిపించే కిరాయి నవలల్లోనూ అదే. పట్నం నుంచి వచ్చిన మొగవాడు దీపం పట్టుకుని మెట్లెక్కుతాడు. చుట్టూ అందరూ కళ్లు మూసుకునేవాళ్లు. నేను అతని రెండో చెయ్యి చూసేదాన్ని. ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. అందుకే నేను చెప్పే కథల్లో మెట్లెక్కేవాళ్ల చేతిలో రొట్టె ఉంటుంది. మీరు పిల్లలకు చెప్పేటప్పుడూ అది మరవకండి.

పొద్దు వాలింది, లేవండి. మీ పొయ్యి మీద ఎప్పుడూ ఒకరికి ఎక్కువే ఉడకాలి. మీ ఇంట్లో ఏ గదిలో ఎవరు దగ్గినా, ఏమైందని అడిగే గొంతు ఇంకొకటి ఉండాలి. మీ ఆడబిడ్డలు పెద్ద దర్వాజలోంచి బయటికి వస్తే, ఎదురొచ్చిన ప్రతివాళ్లూ పేరు పెట్టి పిలవాలి.