దర్జీగారి దొంగ నిద్ర

భార్య నోరు తెరిచిందంటే చాలు, దర్జీకి ఎక్కడలేని నిద్ర ముంచుకొచ్చేది. కుట్టు మిషను ముందే గడ్డం వాల్చి, కళ్లు మూసి, గుర్రు కూడా పెట్టేవాడు. కానీ ఆయన కుడి పాదం మాత్రం ఆ నాటకంలో కలిసేది కాదు. మిషను తొక్కుతున్నట్టు మెల్లగా ఆడుతూనే ఉండేది. ఆవిడ దాన్ని ఓరకంట చూసి, వింటున్నారులే అనుకుని, తీరిగ్గా తిట్టుకునేది. అంతకంటే సుఖంగా కాపురం చేసినవాళ్లు ఆ వీధిలో ఎవరున్నారు గనక!

ముసలితనంలో, పైఅరలోని గుడ్డల మూట కోసం స్టూలెక్కి పడి, ఆ కుడి కాలే విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో తొడ నుంచి కాలివేళ్ల దాకా సిమెంటు కట్టు వేశారు. గుండె పరీక్షతో సహా అన్నీ బాగానే ఉన్నాయి. "రేపు ఇంటికెళ్లిపోవచ్చు తాతగారూ" అని డాక్టరమ్మ చెప్పి వెళ్లింది.

ఆ ధైర్యంతోనే ఆవిడ మంచం పక్కన బత్తాయి ఒలుస్తూ మొదలుపెట్టింది.

"స్టూలెక్కమని ఎవరేడ్చారు మిమ్మల్ని? ఈ వయసులో కోతి వేషాలా? ఇంటికి రండి, మీ పని చెబుతా!"

దర్జీ కళ్లు మూసుకున్నాడు.

"మొదలైందా దొంగ నిద్ర!"

పక్క మంచం ఆయన ఫక్కున నవ్వాడు. ఆవిడకు హుషారొచ్చి, పెళ్లినాటి నుంచి కడుపులో దాచుకున్నవన్నీ ఏకరువు పెట్టింది. అలవాటుగా పాదం వైపు చూసింది. కట్టులో ఉన్న పాదం ఎలా ఆడుతుంది? కాసేపటికి కోపం చల్లారింది. గొంతు తగ్గించి, ఎన్నడూ అనని మాట అంది.

"మీరు పడ్డారనగానే నా పైప్రాణాలు పైనే పోయాయి. మీరు తప్ప నాకెవరున్నారండీ?"

బత్తాయి తొన పెదవులకు ఆనించింది. ఆయన నోరు తెరవలేదు.

"చాల్లెండి సంబడం" అంది.

మందులివ్వడానికి వచ్చిన నర్సు ఆయన చెయ్యి పట్టుకుని చూసి కేక పెట్టింది. అందరూ పరుగెత్తుకొచ్చారు. ఛాతీ నొక్కారు, కరెంటు షాకులిచ్చారు. దర్జీ లేవలేదు.

"గుండె ఎందుకాగిందో మాకూ అంతుపట్టడం లేదమ్మా" అంది డాక్టరమ్మ.

"ఎందుకైతేనేం తల్లీ! ఎప్పుడాగిందో చెప్పు. నేను తిడుతున్నప్పుడా, ఆ తర్వాతా?"



సాయంత్రం కూతురు ఏడుస్తూ వచ్చింది. "నాన్న ఆఖరిగా ఏమన్నారమ్మా?"

ఆవిడ కట్టులోంచి కనబడుతున్న కాలివేళ్లను పట్టుకుని కూర్చుని ఉంది.

"ఆయనేమీ అనలేదే. అన్నదంతా నేనే. ఎంతవరకు విన్నారో."