కొసరు మంత్రాలు

చార్మినార్ పక్కనున్న పత్తర్‌గట్టి బజారు చరిత్ర రాసినవాళ్లు రాతి కమానుల గురించి రాశారు, ముత్యాల గురించి రాశారు, అత్తరు గురించి రాశారు. బాలకిషన్ బొటనవేలి గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఇది క్షమించరాని లోపం. లైనింగ్ బట్ట అమ్మే అతని దుకాణంలో మూడు తరాలుగా, కొలత పూర్తయి కత్తెర పడబోయే ముందు, బొటనవేలు తనంతట తానే బెత్తెడు ముందుకు జరుగుతుంది. తాత గుండయ్య వేలు జరిగింది. తండ్రి లక్ష్మయ్య వేలు జరిగింది. రాజ్యాలు మారాయి, గజం పోయి మీటరు వచ్చింది, నూలు పోయి పాలిస్టర్ వచ్చింది. బెత్తెడు మాత్రం చెక్కుచెదరలేదు. దాని పేరు కొసరు. అడిగి పుచ్చుకోవడం కొన్నవాడి హక్కు, అడక్కముందే ఇవ్వడం అమ్మినవాడి పరువు.

అంతటి వేలు ఆదివారం పూట పాచికలు వేస్తుంది.

బాలకిషన్‌కు నలభై దాటాయి. బీకాం చదివాడు. ఆదివారం దుకాణం మూసి, మేడమీద బట్ట తానుల మధ్య చాప పరిచి, తాను కనిపెట్టిన ఆట ఆడిస్తాడు. ఈ ఆటకు బోర్డు లేదు, గెలుపోటముల గొడవ లేదు. గోల్కొండ నుంచి చార్మినార్ దాకా నేల కింద ఒక సొరంగం ఉందనీ, అందులో భూతాలు కాపురం చేస్తున్నాయనీ అనుకోవాలి. ఒక్కొక్కరూ ఒక్కో వేషం ఎంచుకుని, నోటి మాటలతోనే ఆ చీకట్లో నడవాలి. భూతం ఎదురైతే ఏం చేస్తారో చెప్పి పాచిక వేయాలి. భూతాల తరఫున మాట్లాడేది బాలకిషన్. ఇలాంటి ఆటల పుస్తకాలు బజార్లో దొరుకుతాయి. అతను ఒకటి రెండు తిరగేసి, “ఇవన్నీ ఫారిన్ కొలతలు, మనోళ్లకు భుజాలకాడ పట్టేస్తయి” అని తేల్చి, సొంతంగా కుట్టుకున్నాడు. వారమంతా ఎవరెవరో అడిగిన కొలతకు బట్ట కోసే మనిషికి, తన కొలతకు తాను చేసుకున్నది ప్రపంచంలో ఆ సొరంగం ఒక్కటే.

ఆడేవాళ్లు ముగ్గురు. నిఖిలేష్‌కు కంచన్‌బాగ్ దిక్కు ఒక ఆఫీసులో గుమాస్తా పని, సొరంగంలో మంత్రగాడు. శ్రవణ్ మొబైల్ ఫోన్లు బాగుచేస్తాడు, సొరంగంలో దొంగ. తనూజ ఉప్పుగూడలో పాల వ్యాపారం చేసే ఇంటి పిల్ల. పొద్దున్నే బర్రెల పని చూసుకుని, పగలు రక్తపరీక్షల ల్యాబులో పనిచేసి, ఆదివారం కత్తి పడుతుంది.

ఆటలో అనుభవం పెరిగినకొద్దీ అందరూ మెట్లెక్కుతారు. మెట్టుకు మంత్రగాడికి ఒక కొత్త మంత్రం, కత్తి పట్టిన మనిషికి కాస్త భుజబలం. చట్టం ఇంతే. కానీ నిఖిలేష్ మెట్టెక్కిన ప్రతిసారీ బాలకిషన్ బొటనవేలు జరిగేది. “ఇగో, మీదికెళ్లి ఇంకోటి ఉంచుకో” అని ఒక మంత్రం కొసరేవాడు. మొదట్లో దీపం వెలిగించే మంత్రం, తడిబట్టలు ఆరబెట్టే మంత్రం లాంటి చిల్లర సరుకే. మెట్లు పెరిగాయి, చిల్లర కూడా పెరిగింది. నిఖిలేష్ ఇప్పుడు భూతాలను నిద్రపుచ్చగలడు, గడ్డకట్టించగలడు, కప్పలుగా మార్చగలడు. భుజబలాన్ని ఎలా కొసరాలో తెలియక తనూజకు ఎప్పుడూ ఏమీ కొసరలేదు.

ఒక ఆదివారం నాలుగు తలల భూతం ఎదురైంది. తనూజ కత్తి దూసింది.

“ఆగు తనూజా, నేను చూస్కుంట” అన్నాడు నిఖిలేష్. చూసుకున్నాడు. చాయ్ చల్లారకముందే భూతం కప్పయింది.

“మరి నేనేం చెయ్యాలె?”

“కాపలా ఉండు.”

“దేనికి? కప్పకా?”

“నాకైతే దాని జేబులు చూసే పనుంది” అన్నాడు శ్రవణ్.

“కప్పకు జేబులేందిరా!” అని, తనూజ బాలకిషన్ వైపు తిరిగింది. “అన్నా, ఇంట్ల బర్రెలకాడ కాపలా. ల్యాబుల సీసాలకాడ కాపలా. ఆదివారం గూడ కాపలానేనా? వచ్చేవారం గూడ గిట్లనే ఉంటే నేను రాను. లొల్లి ఏం లేదు. ఊకె రాను.”

లొల్లి చేసే మనిషిని బతిమాలొచ్చు. ఊకె రాననే మనిషిని ఏం చేయగలం? ముగ్గురిలో ఒకరు పోతే మిగిలేది ఆట కాదు, ముచ్చట. సొరంగం మూతపడ్డట్టే.

బాలకిషన్ వ్యాపారస్తుడి పద్ధతిలో ఆలోచించాడు. ఒకరికి ఎక్కువిచ్చావని ఇంకొకరు అలిగితే, ఆ అలిగినవాళ్లకూ ఇవ్వాలి. మరుసటి ఆదివారం తనూజ కత్తికి దండిగా బలం కొసరాడు. ఫలితం ఘోరం. కత్తి తగలడం ఆలస్యం, భూతం రెండు ముక్కలు. మూలమీది హోటల్ నుంచి చాయ్ రాకముందే అందరూ చార్మినార్ కింద తేలారు.

“అన్నా, ఇది యుద్ధమా?” అంది తనూజ. “పిండి గిర్నీల జొన్నలు పోసినట్టున్నది. నేనడిగింది పెద్ద కత్తి గాదు. నా వంతు. ఇంకొక్క వారం చూస్త, గంతే.”

ఆ వారం బాలకిషన్‌కు అన్నం సహించలేదు. భార్య ఇంద్రజకు ఆట తెలియదు, భర్త తెలుసు.

“ఏందయ్యా, ఆ పిలగాని మంత్రాలు తగ్గిస్తే అయిపోతది గద?”

“ఇచ్చినంక ఎట్ల గుంజుకుంట? మా తాత ఏనాడన్న ఇచ్చిన కొసరు వాపస్ అడిగిండా?”

“మీ తాత భూతాలకు బట్టలమ్మలే.”

బాలకిషన్ చెప్పులేసుకుని దుకాణానికి పోయాడు. మధ్యాహ్నం దర్జీ మున్నా వచ్చి పది మీటర్ల ఎర్ర లైనింగ్ అడిగాడు. బాలకిషన్ కొలిచాడు. వేలు జరిగింది. కత్తెర లేచింది.

“సేఠ్, ఒక్క బెత్తెడేనా?” అన్నాడు మున్నా. “పది మీటర్లు తీసుకుంటున్న. మీటరుకొక బెత్తెడు ఇయ్యాలె.”

“దిమాక్ ఖరాబైందా భాయ్? కొసరు మీటరు మీటరుకు ఉంటదా? కత్తెర పడ్డకాడ ఒక్కసారి. ఎన్ని మీటర్లు కొన్నా ఒకటే బెత్తెడు. గట్ల మీటరుకొకటి ఇచ్చుకుంట పోతే దుకాణం...”

కత్తెర గాల్లోనే ఆగిపోయింది.

“దుకాణం ఏమైతది సేఠ్?”

“సొరంగమైతది” అన్నాడు బాలకిషన్.

మున్నాకు అర్థం కాలేదు, కానీ సేఠ్ ఆనందంలో అతనికి ఇంకో బెత్తెడు దక్కింది. బాలకిషన్‌కు మాత్రం అంతా తేటతెల్లమైంది. నిఖిలేష్ మెట్టుమెట్టుకూ దుకాణం కొత్తగా ఎక్కిన గిరాకీ కాదు. ఒకే తాను నుంచి బట్ట తీసుకుంటున్న ఒకే గిరాకీ. అతనికి బాలకిషన్ మీటరుకొక బెత్తెడు ఇచ్చుకుంటూ పోయాడు. మూడు తరాల్లో ఎవరూ చేయని తప్పు, పరువుగల వంశంలో పుట్టినవాడు మాత్రమే చేయగల తప్పు.

ఆదివారం అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, నిలబడి శాసనం చదివాడు. మెట్టుతో వచ్చిన మంత్రాలు ఎప్పటికీ మంత్రగాడివే. కొసరుగా వచ్చినవి ఒక్కసారి వాడితే ఖర్చయిపోతాయి. తనూజ వద్దన్న కత్తి బలం రద్దు. ఇకమీదట కొసరు సొరంగం దాటాకే, అదీ ఒక్కటే.

“అన్నా, ఇది అన్యాయం” అన్నాడు నిఖిలేష్.

“నేను గుంజుకున్ననారా? నీ దగ్గర్నే ఉన్నయి, వాడుకో. బెత్తెడు గుడ్డతోని ఒక్క జేబే అయితది. రోజుకొక జేబు కుట్టుకుంటనంటే ఎట్ల?”

ఆట మొదలైంది. నిఖిలేష్ ఇంట్లో రిమోట్‌కు ప్లాస్టిక్ కవరు తీయరు, పండుగ చొక్కా రెండు పండుగలు పోయినా మడత విప్పరు. అలాంటి మనిషికి ఖర్చయిపోయే మంత్రాలిస్తే ఏం చేస్తాడో బాలకిషన్ ఊహించలేదు. రెండు తలల భూతం వచ్చింది. “ఇప్పుడే వద్దు, ముంగట పెద్దది ఉంటదేమో” అన్నాడు నిఖిలేష్. పెద్దది వచ్చింది. “దీనికంటే పెద్దది ఉంటే?” అన్నాడు. చేతిలో ఉన్న మామూలు మంత్రాలు దాని మీద పారలేదు. దీపం పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

తనూజ ముందుకు దూకింది. ఒక దెబ్బ కొట్టింది, రెండు తిన్నది. గోడకు గుద్దుకుంది, లేచింది. చాప మీద మోకాళ్లపై కూర్చుని పాచికను గుప్పిట్లో ఊది మరీ వేసింది. చాయ్ వచ్చింది, చల్లారింది, ఎవరూ ముట్టలేదు. భూతం ఒక మోకాలి మీద కూలింది. ఆఖరి దెబ్బకు తనూజ పాచిక వేసింది. ఒకటి పడింది. కత్తి జారింది, భూతం చేయి లేచింది, తనూజ వేషం అక్కడితో చచ్చిపోయింది.

“అరే, ఒక్క మంత్రమన్న వెయ్యకపోతివా!” అని శ్రవణ్ నిఖిలేష్ మీద పడ్డాడు.

“ముంగట ఇంకోటి ఉంటే?”

బాలకిషన్ తలెత్తలేదు. వంతు ఇచ్చాడు, ఆ వంతులోనే మనిషిని చంపాడు. తనూజ లేచి చున్నీ సర్దుకుంది.

“అన్నా.”

“చెప్పు తల్లీ.”

“మస్తుండె. ఇన్నొద్దులకు ఒక భూతం నన్ను మనిషి లెక్క చూసి కొట్టింది.”

“వచ్చేవారం వస్తవా మరి?”

“రాకుంటనా? కొత్త వేషం కట్టాలె గద.”

మరుసటి ఆదివారం ఆమె అందరికంటే ముందొచ్చింది. మంత్రగత్తె వేషం కట్టింది. “కొసరు మంత్రమొస్తే నేనైతే దాచుకోను అన్నా” అంది.