గంధం బొట్టు పెట్టిన లీవరు

ఆటోథ్రాటిల్ అంటే విమానం వేగాన్ని పైలట్ చెయ్యి పెట్టకుండా తనంతట తానే చూసుకునే ఏర్పాటు. లోపలున్న చిన్న మోటారు ఇంజన్ లీవర్లను ముందుకీ వెనక్కీ జరుపుతుంది. పైలట్ చెయ్యి అడ్డం పెడితే మాత్రం, సరే మీ ఇష్టం అన్నట్టు వదిలేస్తుంది. పుదుచ్చేరిలో మేం చూసుకునే చిన్న జెట్‌లో అది ఎవరూ చెయ్యి పెట్టకుండానే వదిలేస్తోంది. దాన్ని బాగుచేసి సంతకం పెట్టాల్సిన ఇంజనీరును నేను.

మొదటిసారి కంప్లయింట్ వచ్చినప్పుడు రెండు గంటలు పరీక్షించాను. లీవర్లు హాయిగా కదిలాయి. కంప్యూటర్ ఏ తప్పూ చూపలేదు. లోపం కనబడలేదని లాగ్‌బుక్‌లో రాసి, సంతకం పెట్టి, మూలకుళంలోని ఇంటికెళ్లి కడుపునిండా తిన్నాను. ఆ భోజనం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాలుగో రోజు పొద్దున విమానం తిరిగొచ్చింది. కెప్టెన్ మేడమ్‌ది విశాఖపట్నం. మా తెలుగులో సగం తమిళమేనని ఎప్పుడూ ఆటపట్టించే మనిషి, ఆ రోజు నవ్వలేదు.

"దిగేటప్పుడు మళ్లీ వదిలేసిందండీ. హెచ్చరిక మోత విని చూసేసరికి స్పీడు పడిపోతోంది. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో."

తిట్టినా బాగుండేది. సాయంత్రం నాలుగింటికి యజమాని కుటుంబం వైట్ టౌన్ నుంచి వస్తుంది, ఇదే విమానం ఎక్కుతుంది.

నాతో పనిచేసే పెద్ద టెక్నీషియన్‌ది మురుంగపాక్కం. అందరం ఆయన్ని మామ అంటాం. ఇద్దరం ప్లగ్గులన్నీ ఊడదీసి తుడిచి మళ్లీ బిగించాం. మోటారు చూశాం, వైర్లు చూశాం. మధ్యాహ్నమైంది. అన్నీ బాగానే ఉన్నాయి, అదే నా ప్రాణం మీదికి వచ్చింది.

"ఏందప్పా, మళ్లా ఏమీ లేదనే రాస్తావా?" అన్నాడు మామ.

"లోపం యాడుందో తెలీడంలా మామా," అన్నాను. రాయనని మాత్రం చెప్పలేకపోయాను.

ఉక్కకు చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. చల్లగాలి మిషను తెప్పించి విమానానికి తగిలించి, తలుపు మూసుకుని, పైలట్ సీట్లో కూర్చుని మాన్యువల్ మొదటి పేజీ నుంచి మళ్లీ చదివాను. గంట గడిచాక ఊరికే లీవరు మీద చెయ్యి వేసి జరిపాను. సగం దారిలో, జడ చిక్కుకు దువ్వెన తగిలినట్టు, అది ఆగింది.

తలుపు తీసి మామను పిలిచాను. ఆయన ఎక్కి, నేను చెప్పింది నమ్మక వాదించి, చివరికి లీవరు పట్టుకునేసరికి అది మామూలుగా కదిలింది. మళ్లీ తలుపు మూసి ఇద్దరం చల్లగాలిలో కూర్చున్నాం. మళ్లీ పట్టేసింది. పొడిగాలిలో గట్టిపడేది, మా ఊరి సముద్రపు తేమకు మెత్తబడేది ఏదో లీవరు జరిగే సందులో ఉంది. టార్చి వేసి, దుమ్ము పడకుండా ఆ సందును కప్పే బ్రష్ కుచ్చును పక్కకు తోశాను. లేత పసుపు రంగు పెచ్చు. గోటితో గీకి వాసన చూశాను.

గంధం.

ఆయుధపూజనాడు షెడ్డులో స్పానర్లకు, జాకీలకు, టార్చిలకు కూడా బొట్లు పెట్టాం. నాకు అది చాల్లేదు. అమ్మ సాన మీద అరగదీసి టిఫిన్ డబ్బాలో ఇచ్చిన గంధం పట్టుకుని కాక్‌పిట్లోకి ఎక్కి లీవరుకూ పెట్టాను. నీళ్లెక్కువై అది కిందికి జారింది. పైపైన తుడిచి దణ్ణం పెట్టుకుని దిగాను. గట్టిపడిన ఆ గంధాన్నే విమానం పైలట్ చెయ్యి అనుకుంది.

సందంతా శుభ్రం చేశాక మామ గొంతు తగ్గించాడు. "లీవరు సందు శుభ్రం చేసినామని రాసెయ్యి నాయనా. అబద్ధం కాదు గదా. గంధమని రాస్తే నీ లైసెన్సు పోతాది."

అబద్ధం కాదు, నిజమే. అందుకే భయమేసింది. ఏళ్ల తరబడి పరీక్షలు రాసి తెచ్చుకున్న లైసెన్సు అది. మామ చెప్పిన మాటే రాసి చుక్క పెట్టాను. కిటికీలోంచి చూస్తే కెప్టెన్ మేడమ్ విమానం చుట్టూ తిరుగుతూ, వంగి చక్రాలు చూసుకుంటోంది. పెన్ను మళ్లీ తీశాను. పూజ రోజు నేను పెట్టిన గంధం పొడిగాలికి గట్టిపడటమే కారణమనీ, మొదటి పరీక్షలో పట్టుకోలేకపోయాననీ రాశాను.

ఆవిడ రెండుసార్లు చదివింది.

"ముందు మనం ఒక చుట్టు తిరిగొద్దాం. లోపలి గాలి బాగా పొడిబారేదాకా పైనే ఉందాం. మీరూ రండి," అంది.

నేను సంతకం పెట్టిన విమానంలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. పైలట్ల వెనక సీట్లోంచి, కింద సముద్రం వైపు చూడకుండా, లీవరునే చూస్తూ కూర్చున్నాను. దిగేటప్పుడు అది ఎవరి చెయ్యీ లేకుండా కాస్త ముందుకు, కాస్త వెనక్కి జరిగింది. ఒక్కసారీ వదల్లేదు. చక్రాలు నేలను తాకాకే ఊపిరి పీల్చుకున్నాను.

"నేను రిపోర్టు రాయాలి. మీ సంతకం హక్కు కొన్నాళ్లు ఆపుతారు," అంది ఆవిడ దిగుతూ.

"రాయండి మేడమ్."

మూడు నెలలు ఆపారు. దానికి నాకు బాధ లేదు. నన్ను ఇప్పటికీ పీడించేది వేరే. ఆ మధ్యాహ్నం చల్లగాలి పెట్టించింది లోపం వెతకడానికి కాదు, నాకు ఉక్కపోస్తోందని. ఎండ కొంచెం తక్కువగా ఉన్నట్టయితే, నాలుగింటికి ఆ కుటుంబాన్ని నా చేతులతో నేనే ఎక్కించి పంపేవాణ్ణి.