మా మరదలికి మూడు పుట్టిళ్లు

మా మరదలి పౌరసత్వానికి అడ్డం పడింది ప్రభుత్వం కాదు, మా వాడకట్టే. అదీ ప్రేమ ఎక్కువై అడ్డం పడింది. ఇప్పుడు ఈ సంగతి ఎవరికి చెప్పినా నవ్వుతారు, నేనూ నవ్వుతాను. అప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయింది.

నేను కామారెడ్డిలో సోషల్ టీచర్ని. ఏటా పిల్లలకు పౌరసత్వం గురించి చెబుతాను. రాజ్యాంగం మొదలైన రోజుకు ఎవరెవరు ఈ దేశ పౌరులో అందులోనే రాసిపెట్టారనీ, ఆ తర్వాతి సంగతి చట్టం చేసి చూసుకొమ్మని పార్లమెంటుకు వదిలారనీ, మనంతట మనం ఇంకో దేశపు పౌరసత్వం పుచ్చుకుంటే ఇక్కడిది పోతుందనీ చెబుతూ ఉంటే, పిల్లలు ఆవలిస్తూ బెల్లు కోసం ఎదురుచూస్తుంటారు. వాళ్లను అనడానికేముంది? పుట్టుకతో వచ్చినదాని గురించి ఎవరు ఆలోచిస్తారు? నేనూ ఆలోచించలేదు, మా తమ్ముడు దుబాయ్ నుంచి కాబోయే పెళ్లాన్ని వెంటబెట్టుకుని, అమ్మ ఉండే ఎల్లారెడ్డిలో బస్సు దిగేదాకా.

తమ్ముడు అక్కడ ఎలక్ట్రీషియన్‌గా చేసేవాడు. ఆ అమ్మాయిది ఫిలిప్పీన్స్, ఒక హోటల్ వంటగదిలో పని. ఇద్దరూ ఇక్కడికి వచ్చేసి, అందరి ముందూ పెళ్లి చేసుకుని, రిజిస్టర్ చేయించుకున్నారు. మొదట్లో మా అమ్మ కోడలితో సైగలతోనే కాపురం వెళ్లదీసింది. ఒకరోజు ఆ పిల్ల చింతపండు పులుసులో చేప ముక్కలూ ముల్లంగీ వేసి వాళ్ల ఊరి చారు కాచింది. మా అమ్మ గిన్నె ఎత్తి అడుగు కనిపించేదాకా తాగి, “ఇది మన పిల్లనే” అని తేల్చేసింది. మా ఇంటి చట్టం ప్రకారం పౌరసత్వానికి రెండే షరతులు: పులుపు తినాలి, పెద్దలకు ఎదురు చెప్పకూడదు. రెండోది ఆ పిల్లకు ఏనాడూ కుదరలేదు.

మా వీధి ఆడవాళ్లు మధ్యాహ్నాలు మా ఇంటి అరుగు మీదే చేరి బీడీలు చుడతారు. వాళ్ల మధ్య కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని, ఆకు కత్తిరిస్తూ దారం కడుతూ మా మరదలు తెలుగు నేర్చుకుంది. నాది బడి తెలుగు. ఆమెది అరుగు తెలుగు, నాకన్నా ధాటిగా మాట్లాడుతుంది. ఆ ధాటితోనే, ఇంటి ముందు మురుగు మోరీ పొంగినప్పుడు మా వీధి చోటా లీడర్ను నడిరోడ్డు మీద నిలబెట్టి కడిగేసింది. ఆయన వినీ వినీ, “నీకు ఓటే లేదు గదమ్మా, నీకెందుకు గింత లొల్లి?” అని బండెక్కి పోయాడట.

ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది. “వదినా, ఓటు ఎట్ల వస్తది?”

పౌరురాలివైతేనే వస్తుందన్నాను. ఆదివారం వెళ్లి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. తాళి కట్టించుకున్నంత మాత్రాన ఈ దేశపు మనిషి అయిపోరు. ఇక్కడి పౌరుణ్ణి పెళ్లాడినవాళ్లు ఏడేళ్లు ఇక్కడే ఉండి, ఆ తర్వాత ప్రభుత్వాన్ని అడగాలి. తమ్ముడి కూతురు ఎల్లారెడ్డి ఆసుపత్రిలో పుట్టింది, తండ్రి భారతీయుడు, తల్లి వీసాతో ఉన్న మనిషి, కనుక అది పుట్టుకతోనే పౌరురాలు. ఇంట్లో పాలపీక నోట్లో పెట్టుకున్నదానికి దేశం ఉంది, పాలు పట్టేదానికి ఇంకా రాలేదు.

మా అమ్మకు ఇది అవమానంగా తోచింది. “మెడల పుస్తె పడ్డనాడే మన ఇంటిదైంది. ఇంకా అడుగుడేంది? కోడలు అడుక్కుంటదా?”

జీవితాంతం ఉండడానికి వీలిచ్చే కార్డు ఒకటుంది, అది తీసుకుంటే చాలదా అన్నాడు తమ్ముడు. “దానికి ఓటు ఉంటదా?” అని అడిగింది మరదలు. ఉండదన్నాను. “అయితే నాకొద్దు. నేను ఈడ కిరాయికి ఉంటలేను” అంది. ఆమెకు ఏం కావాలో మా అందరికీ ఆరోజే అర్థమైంది.

ఏడేళ్లూ నిండాక దరఖాస్తు పెట్టాం. నేనే దగ్గరుండి అన్నీ చూశాను. ఒక్కటి మాత్రం ఎవరికీ తట్టలేదు: వాడకట్టుకు చెప్పడం.

విచారణకు వచ్చినాయన మామూలు బట్టల్లో వచ్చాడు. బండి దిగి, అరుగు మీదున్న ఆడవాళ్లతో తాను పోలీసునని చెప్పి, ఈ ఇంటి కోడలు ఎక్కడి మనిషి అని అడిగాడు. మరదలు అప్పుడు పాపను తేవడానికి బడికి పోయింది.

మా వీధిలో గల్ఫ్ చూడని ఇల్లు లేదు. వీసా అయిపోయినా అక్కడే దాక్కుని పనిచేసేవాళ్లను మా వైపు కల్లివెల్లి అంటారు. పోలీసు వచ్చి “ఎక్కడి మనిషి” అని అడిగాడంటే మా ఆడవాళ్లకు తెలిసిన అర్థం ఒక్కటే: పట్టుకుపోయి విమానం ఎక్కిస్తారు. అక్కడ గదిలో ఉన్న తోటివాళ్లు ఏం చేస్తారు? మావాడే, మాతోనే వచ్చాడు అని బొంకుతారు. వీళ్లూ అదే చేశారు.

పక్కింటామె అందరికన్నా ముందు అందుకుంది. “మాచారెడ్డి ఊరి పిల్ల సారూ. వాళ్ల అవ్వ నాకు ఎర్కనే.”

“మరి మాటల్లో యాస వేరే ఉందంటున్నారే?” అన్నాడాయన.

ఎదురింటామె తగులుకుంది. “డోంగ్లి దిక్కు సారూ, మరాఠోళ్ల బార్డరు. గందుకే మాట గట్ల తిరుగుతది.”

ఆయన కలం ఆపి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడట. అప్పుడు లోపలి నుంచి మా అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి అసలు దెబ్బ కొట్టింది. “వాళ్లకేం ఎర్క సారూ? అది నా మేనకోడలు. రాజంపేటల ఉన్న నా సొంత తమ్ముని బిడ్డ. మేనరికం చేసుకున్నం.”

మా అమ్మకు తమ్ముడే లేడు.

కొన్నాళ్లకు కామారెడ్డి కలెక్టరాఫీసు నుంచి పిలుపొచ్చింది. విచారణలో చెప్పినదానికీ దరఖాస్తుకూ పొంతన లేదు, వచ్చి సంజాయిషీ ఇవ్వండి, లేకపోతే ఇక్కడితో ఆపేస్తామన్నారు. నేను బస్సు దిగి ఇంట్లోకి పోతూనే అమ్మ మీద విరుచుకుపడ్డాను. “ఇండియాలోనే పుట్టిందంటే ఇంక పౌరసత్వం ఎందుకే అవ్వా? లేని తమ్ముణ్ణి ఎక్కడ పుట్టించినవ్?”

“పట్టుకపోతరనుకున్న” అంది అమ్మ. “నువ్వు బడి పిల్లలందరికీ చెప్తవ్. మాకు ముందుగాల చెప్పొద్దా?” అది నిజమే. అందుకే ఇంకా గట్టిగా అరిచాను.

మరదలు మాత్రం అరవలేదు. ఎప్పుడూ గలగలలాడే మనిషి గోడకు ఆనుకుని కూర్చుని, “నన్ను నిజంగనే పంపిస్తరా వదినా?” అని అడిగింది. నా కోపం మొత్తం దిగిపోయింది. పంపరులే అన్నానుగానీ, నాకూ భయంగానే ఉంది.

సంజాయిషీ చెప్పే రోజు నేనూ మరదలూ బయలుదేరుతుంటే, వాకిట్లో అమ్మతో పాటు పక్కింటామె, ఎదురింటామె పండగ చీరలు కట్టుకుని నిలబడి ఉన్నారు. “అబద్ధం మేం ఆడినం, మేమే చెప్పుకుంటం” అన్నారు. ఆటోలో ఇరుక్కుని కూర్చున్నాం. దారి పొడుగునా నేను వాళ్లకు పాఠం చెప్పాను: అడిగినదానికే జవాబు చెప్పాలి, నిజమే చెప్పాలి, ఎవరికీ కొత్తగా చుట్టాలను పుట్టించకూడదు.

అధికారి ముఖం గంభీరంగా ఉంది. పక్కింటామె నా పాఠమంతా గాలికొదిలేసి మొదలుపెట్టింది. “మా ఆయన్ని దుబాయ్‌ల గిట్లనే పోలీసు అడిగి ఎత్కపోయిండ్రు సారూ. గా బుగులుకు భయపడి మాచారెడ్డి పిల్ల అని చెప్పిన.” ఎదురింటామె డోంగ్లిని వెనక్కి తీసుకుంది. మా అమ్మ అందరికన్నా మెల్లగా, “నాకు తమ్ముడు లేడు సారూ” అంది. అప్పటిదాకా ముఖం బిగబట్టుకుని ఉన్న ఆయన ఇంక ఆగలేక నవ్వేశాడు.

తర్వాత మరదలి వైపు తిరిగి, “మీరే ఇట్లా చెప్పమన్నారా?” అని అడిగాడు.

“లేదు సార్. నేను ఇంట్ల లేను. ఉంటే వీళ్లతోటి కొట్లాడుతుంటి. మా అమ్మగారిల్లు సముద్రం అవతలున్నది. దాన్ని దాచిపెట్టి నేను ఏదీ అడగ.”

ఆయన ముగ్గురి మాటలూ మళ్లీ రాయించుకుని సంతకాలు తీసుకున్నాడు. ఆ కాగితాలు పైకి వెళ్లాయి. మేం ఎదురుచూశాం. చాలా కాలానికి ఒప్పుకున్నట్టు కబురొచ్చింది, ఒక షరతుతో: రెండు దేశాల పౌరసత్వం కుదరదు, అక్కడిది వదులుకోవాలి. ఈ వాక్యం నేను తరగతిలో ఎన్నిసార్లు చదివానో! దాని బరువు ఎంతో, మా మరదలు ఫోన్లో వాళ్లమ్మతో మాట్లాడుతూ వెక్కి వెక్కి ఏడ్చినప్పుడు తెలిసింది. నాకూ కళ్లు నిండాయి. మీ అమ్మ ఏమంది అని అడిగితే, ముక్కు చీదుకుంటూ, “ఓటేసినంక సిరా పెట్టిన వేలు ఫోటో పంపుమన్నది” అంది.

ప్రమాణం కామారెడ్డిలోనే, అమ్మా నేనూ వెంట వెళ్లాం. ఏ భాషలో చదువుతారని అడిగితే తెలుగన్నది. ఈ దేశపు రాజ్యాంగం మీద నిజమైన విశ్వాసంతో ఉంటాననీ, చట్టాలను పాటిస్తాననీ, పౌరురాలిగా నా బాధ్యతలు నెరవేరుస్తాననీ చదువుతుంటే మాట ఎక్కడా తడబడలేదు. పుట్టి ఇన్నేళ్లయినా ఆ మాటలు నా నోటితో నేను ఎప్పుడూ అనలేదు. నన్నెవరూ అడగలేదు.

అధికారి పత్రం ఆమె చేతికిచ్చి, “ఇవాళ్టి నుంచి మీరు మా దేశస్థులమ్మా” అన్నాడు.

మా అమ్మకు చివుక్కుమంది. “ఇయ్యాల్టి సంది ఏంది సారూ? పెండ్లయినకాడి సంది మా పిల్లనే గదా!”

మరదలు ఆమె వైపు తిరిగింది. “గప్పటి సంది అన్నది మీరు అత్తమ్మా. నా నోటితోటి నేను అన్నది ఇయ్యాలనే.”

మా అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. బస్సులో ఎల్లారెడ్డి వచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు.