దొంగ ఒక్కపొద్దులు

నేను లావుగా ఉండేదాన్ని. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ రోజుల్లో ఎవరైనా ఈ మాట నా ముందు అంటే వాళ్ల పని అయిపోయేది. ఒకసారి కర్నూలు బస్సులో కండక్టరు "అమ్మా, రొంత జరుగు, అది ఇద్దురు కూసునే సీటు" అన్నాడు. ఓర్వకల్లులో మొదలుపెట్టి కర్నూలు చేరేదాకా అతన్ని వదల్లేదు. దిగేటప్పుడు పాపం నా సంచి తానే మోసుకొచ్చి ఇచ్చాడు.

నా లావు చూసి నాకంటే మా అత్తే ఎక్కువ మురిసిపోయేది. ఆమె చిన్నప్పుడు కరువు చూసిన మనిషి. ఆకులూ గడ్డలూ ఉడకేసుకొని బతికిన ఇల్లట వాళ్లది. ఆమె మాత్రం ఎప్పుడూ ఎండుపుల్లలా ఉండేది. నేను కాపరానికి వచ్చిన నాటి నుంచి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకొని పెట్టింది. జొన్నసంగటి ముద్దకు నడుమ గుంట చేసి నెయ్యి పోసేది. చాలు అని చెయ్యి అడ్డం పెడితే ఆ చేతి మీదే పోసేది. ఇంటికి ఎవరొచ్చినా మొదట "తింటివా?" అని అడిగి, ఆ తర్వాతే ఏం పని మీద వచ్చారని అడిగేది. చుట్టాలొస్తే నన్ను పిలిచి నిలబెట్టి, "నా కోడల్ని సూడండి, కరువనేది దీని కంట పడకుండా సాకినా" అనేది. ఆ మాట వింటుంటే నాకూ బాగానే ఉండేది. అబద్ధమెందుకు?

చిక్కంతా మోకాళ్లతో వచ్చింది. పెళ్లిలో మా నాయన నాకు పసుపు కుంకుమల కింద వేరుశెనగ పండే నాలుగెకరాల ఎర్రచేను ఇచ్చాడు. ఊరికి రెండు మైళ్లు. ఎద్దులబండి వంక ఒడ్డు దాకా పోతుంది. ఆ పైన రాళ్లగుట్ట ఎక్కి దిగాలి. నేను ఆ గుట్ట ఎక్కి రెండేళ్లయింది. మా ఆయన వచ్చి "చెనక్కాయ బాగుండాది" అంటే బాగుందనుకోవాలి, "పురుగు పడింది" అంటే పడిందనుకోవాలి. నా చేను సంగతి నేను ఇంకొకరి నోట వినాల్సి రావడం నాకు చచ్చేంత కష్టంగా ఉండేది. ఆ కష్టమంతా మా ఆయన మీద చూపించేదాన్ని. పడలేక పడలేక ఆయన నన్ను కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాడు.

అక్కడ లేడీ డాక్టరు మోకాళ్లు వత్తి చూసింది, తూకం మిషను ఎక్కించింది. "నలభై పౌండ్లు తగ్గితే గుట్ట ఎక్కుతావు. తగ్గలేదా, ఇంకో రెండేళ్లకు గడప కూడా దాటలేవు. తిండి తగ్గించు" అంది. ఎంత తగ్గించాలో, ఎలా తగ్గించాలో చెప్పే తీరిక ఆమెకు లేదు. వరండా నిండా జనం. నేను తిరుగు బస్సులోనే తీర్మానించుకున్నాను. కార్తీకంలో చెనక్కాయ పీకేనాటికి నేను నా కాళ్లతో నడిచిపోయి నా చేలో నిలబడాలి.

కానీ మా ఇంట్లో తిండి తగ్గించడం మాటలా? అత్త వడ్డించిన ముద్ద వద్దంటే ఆమెనే వద్దన్నట్టు. మా ఇళ్లలో ముద్ద వద్దనడానికి దేవుడి పేరు ఒక్కటే దారి. సరిగ్గా శ్రావణం వస్తోంది. సోమవారం, శనివారం ఒక్కపొద్దు అన్నాను, అంటే రోజుకు ఒక్కపూటే భోజనం. వారం తిరగకుండా మంగళవారం, గురువారం, శుక్రవారం కూడా చేర్చాను.

"ఏంటికే ఇన్ని ఒక్కపొద్దులు?" అంది అత్త.

"మొక్కుకున్నా అత్తా. చెప్పగూడదు."

మొక్కు ఎందుకోసమో బయటికి చెబితే ఫలించదని మా వైపు నమ్మకం. ఆమె మళ్లీ అడగలేదు. తలూపి, నా వైపు ఒకసారి మెచ్చుకోలుగా చూసి, లోపలికి పోయింది. దేవుణ్ణి అడ్డం పెట్టుకొని భలే తప్పించుకున్నానని నేను లోలోపల సంబరపడ్డాను.

నిజంగా ఒక్కపొద్దు ఉండేవాళ్లు ఆ ఒక్కపూటైనా కడుపునిండా తింటారు. నేను అదీ తినలేదు. దీపం పెట్టాక గుప్పెడు కొర్రన్నం, చెంబు మజ్జిగ. అంతే. మిగిలిన రెండు రోజులు కూడా తిన్నట్టే తిని సగం ఆవుకు పెట్టేదాన్ని.

నందికొట్కూరులో మా అన్నకు చెనక్కాయల మిల్లు ఉండేది. బస్తాలు తూచే పెద్ద కాటా ఉంది కదా అని, ఆసుపత్రి నుంచి వచ్చిన వారమే వెళ్లి తూగాను. హమాలీలు అన్నాలకు పోయిన వేళ చూసి, తలుపు గడియ పెట్టించి మరీ. ఏడు మణుగుల నాలుగు వీశెలు. మణుగంటే ఎనిమిది వీశెలు, వీశె అంటే మూడు పౌండ్లు. పదిహేను రోజులకు మళ్లీ పోతే ఏడు మణుగుల ఒక వీశె! మూడు వీశెలు ఎగిరిపోయాయి. మా అన్న తూకంరాళ్లు తీసి పక్కన పెడుతూ "ఏమ్మా, ఇట్లే పోతే సంక్రాంతికి నిన్ను జేబులో ఏసుకొని తిరగొచ్చు" అన్నాడు. నేను ఆ రోజు బస్సులో కండక్టర్లందరినీ క్షమించేశాను.

ఆ తర్వాత మూడు వారాలు ఒక్క వీశె కదిలితే ఒట్టు. కాటా మీద అవే రాళ్లు, అదే నేను. పైగా దువ్వెన పెడితే జుట్టు గుత్తులు గుత్తులుగా వచ్చేది. వంగి లేస్తే కళ్ల ముందు చీకట్లు. కోపం సంగతి చెప్పనక్కర్లేదు, కోళ్లను కూడా తిట్టాను. మా ఆయన ఆ నెలంతా పొద్దున్నే చేలోకి పోయి పొద్దుగూకాక వచ్చేవాడు. పైరు మీద ప్రేమ అనుకున్నాను. నా నోటికి భయపడి అని తర్వాత తెలిసింది. ఇంకా తగ్గించాలేమోనని గుప్పెడన్నం కూడా అరగుప్పెడు చేశాను.

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. మా అత్త కూడా ఒక్కపొద్దులు మొదలుపెట్టిందని నాకు తెలుసు. నేను ఒక్కపొద్దు ఉన్న ప్రతి రోజూ ఆమె కూడా ఉండేది. "నీకేంటికి అత్తా, ఈ వయసులో?" అని ఒకసారి అడిగాను. "మొక్కు. చెప్పగూడదు" అని నా మాట నాకే అప్పజెప్పింది. ఇంకా గట్టిగా అడిగితే నా గుట్టు ఎక్కడ బయటపడుతుందోనని నోరు మూసుకున్నాను. అది నా తప్పే. ఇప్పటికీ తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఒక శనివారం పొద్దున, పనివాళ్లకు పెట్టడానికి సంగటి గెలుకుతూ గెలుకుతూ అత్త పొయ్యి పక్కకు ఒరిగిపోయింది. చేతిలో కట్టె అలాగే ఉంది. నేను పరుగున పోయి లేపబోయాను. లేపలేకపోయాను. ఎండుపుల్లలాంటి మనిషిని, ఏడు మణుగులదాన్ని నేను ఎత్తలేకపోయాను. నాకూ కళ్లు తిరిగి ఆమె పక్కనే కూలబడ్డాను. కుండలో సంగటి మాడుతోంది. నేను కేకేద్దామంటే గొంతు రాదు. అత్త చచ్చిపోయిందనే అనుకున్నాను. మాడు వాసనకు, చేలోకి బయల్దేరుతున్న మా ఆయన లోపలికి వచ్చి, ఇద్దరినీ చూసి, నర్సమ్మ కోసం పరుగెత్తాడు.

నర్సమ్మ మా ఊరి మనిషే. ఇల్లు చర్చి పక్కన. కర్నూలులో నర్సు చదువు చదివి, చుట్టుపక్కల ఊళ్లలో కాన్పులు చేసేది. ఎవరికీ జంకేది కాదు. వచ్చి అత్త నాడి పట్టుకుంది, కనురెప్పలు తిప్పి చూసింది. ప్రాణానికి భయం లేదు గానీ శానా నీరసం అంది. అత్త నోట్లో బెల్లం నీళ్లు పోయబోతూ నన్నడిగింది.

"నిన్న ఈమె ఏం తినింది?"

నాకు తెలియదు. మొన్న ఏం తినిందో కూడా తెలియదు. పాతికేళ్లుగా ఆ ఇంట్లో వచ్చినవాళ్లందరినీ "తింటివా" అని అడిగింది ఆమె. ఆమెను ఎవరూ అడగలేదు, నాతో సహా. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంతలో అత్తకు తెలివి వచ్చింది. నర్సమ్మ గ్లాసు నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకుంది. "ఈ పొద్దు శనివారం. పొద్దు మునగల్ల, అప్పుడే తినేది."

"ఇట్లే ఉంటే నువ్వే మునిగిపోతావు" అంది నర్సమ్మ. ఉహూఁ. మొక్కు తీరేదాకా అంతేనట. పళ్లు బిగించేసింది.

ఇక నాకు దాచడం చేతకాలేదు. భోరున ఏడ్చేశాను. "అత్తా, నాది మొక్కు కాదు. అబద్ధం. బరువు తగ్గల్లని డాక్టరమ్మ చెప్పింది. నువ్వు పెట్టేది వద్దనలేక దేవుని పేరు చెప్పినా" అని అంతా కక్కేశాను.

ఆమె నా వైపు తల తిప్పింది. తర్వాత మెల్లగా అంది.

"దేవునికి అబద్ధం చెప్తివి. అది నువ్వూ ఆయనా సూసుకోండి. నాకేంటికి చెప్తివే?"

"వద్దంటే నువ్వు బాధపడతావని."

"పడతా. రెండు దినాలు పడతా. మూడో దినం సగం ముద్ద పెడతా. అంతే గదా." ఊపిరి తీసుకొని మళ్లీ అంది. "నువ్వు నీ మోకాళ్ల కోసమే మొక్కుకున్నావనుకుంటి. నువ్వు ఒక్కదానివి అడిగితే ఆయన ఇంటాడో ఇనడో అని నేనూ కలిసినా. నీ కాళ్లతో నువ్వు నీ శేన్లో అడుగుపెట్టేదాకా ఒంటిపూటే తింటానని."

నేను ఆమె చెయ్యి పట్టుకొని ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. మా ఆయన గుమ్మం అవతలికి పోయి ముక్కు చీదుకోవడం మాత్రం గుర్తుంది.

నర్సమ్మ నా వైపు తిరిగింది. "నువ్వూ కూసో అమ్మా, నీ సంగతి తేలుస్తా. కరువొస్తాదని తెలిస్తే మీ ఇంట్లో జొన్నల పాతర ఏం జేస్తారు?"

"నోరు మూసి మట్టేస్తాం. దినానికి ఇంతని కొల్చి తీస్తాం."

"నీ ఒళ్లూ అదే జేసింది. కరువొచ్చిందనుకొని ఉన్నదంతా మూసిపెట్టుకుంది. నువ్వు ఎంత మాడిస్తే అంత బిగబట్టుకుంటాది."

"మరి మొదుట్లో పోయిన మూడు వీశెలు?"

"దాంట్లో శానా మటుకు నీళ్లమ్మా. ఎవురికైనా మొదుట్లో అట్లే బిరబిరా పోతాది. దాన్ని సూసి మురిసిపోయి కడుపు కాల్చుకుంటారు. మూడు పూట్లా తినల్ల. నీ పిడికిలంత సంగటి, దానికి రెండింతలు పప్పూ కూరాకూ, మజ్జిగ. నెయ్యి ఒక చెంచా. మద్యాన్నం నమిలే బెల్లం, బొరుగులు బంద్. దినం నడువు. మెల్లగా తగ్గుతాది, తగ్గింది మళ్లీ రాదు."

ఇంతా విని అత్త మళ్లీ "పొద్దు మునగల్ల" అనే అంది. అప్పుడు నాకు నా కోపం పనికొచ్చింది. కళ్లు తుడుచుకొని గ్లాసు అందుకున్నాను. "నువ్వు తినకుంటే నేనూ తినను. నేను తినకుంటే నా మోకాళ్లు లెయ్యవు. మోకాళ్లు లెయ్యకుంటే నీ మొక్కు యాడ తీరుతాది? చెప్పు!" అన్నాను. అత్త ఆలోచించింది. నర్సమ్మ వైపు చూసింది. నర్సమ్మ గంభీరంగా తలూపింది. చివరికి శనివారం ఒక్కటీ ఒంటిపూట, అదీ కడుపునిండా, మిగతా దినాలు మూడు పూట్లా అని దేవుడితో బేరం కుదుర్చుకొని, అత్త నోరు తెరిచింది.

ఆ తర్వాత మా ఇంట్లో రోజులు హాయిగా గడిచాయి. పూటపూటకూ అత్త నా పిడికిలి పట్టి చూసి, పక్కన ముద్ద పెట్టి, సరిపోల్చి వడ్డించేది. నెయ్యి చెంచా గట్టిగా నిండుగా ఉండేదనుకోండి, దానికి నేనేం చేసేది? సాయంత్రాలు ఇద్దరం నడిచేవాళ్లం. మొదట ఊరి చివరి దాకా, తర్వాత వంక దాకా, ఆ తర్వాత గుట్టకు సగం. జుట్టు రాలడం ఆగింది. కోళ్లు మళ్లీ నా దగ్గరికి రాసాగాయి. కాటా మీద నెలకు వీశె, ఎక్కువైతే ఒకటిన్నర. డాక్టరమ్మ చెప్పిన నలభై పౌండ్లు ఇంకా ఎక్కడో ఉన్నాయి. అయినా నాకు తొందర లేదు.

కార్తీకంలో ఒక శనివారం చెనక్కాయ పీకుడు పెట్టుకున్నాం. నేను గుట్ట ఎక్కాను. నాలుగుసార్లు కూర్చున్నాను, కానీ ఎక్కాను. అత్త సద్దిమూట నెత్తిన పెట్టుకొని నాకంటే ముందు ఎక్కేసి, పైన నిలబడి "రా రా, ఇంగ రొంతే" అని నన్ను ఎద్దును అదిలించినట్టు అదిలించింది. కిందికి దిగి గట్టు దాటి నా చేలో అడుగుపెట్టాను. ఒక చెట్టు పట్టి పీకాను. ఎర్రమన్ను దులిపితే వేళ్ల నిండా కాయలు. రెండేళ్లుగా విన్నదాన్ని చేత్తో పట్టుకొని అలాగే నిలబడిపోయాను. సంతోషానికి ఏడుపొచ్చింది.

వెనక్కి తిరిగి చూస్తే అత్త అప్పటికే గట్టు మీద మూట విప్పేసింది. పొద్దు ఇంకా నడినెత్తికి కూడా రాలేదు, కానీ ఆమె మొక్కు తీరిపోయింది. నా పిడికిలి ఈసారి చూడకుండానే అంత సంగటి తుంచి నాకు పెట్టింది. మిగిలిన పెద్ద ముద్దంతా తన ముందు పెట్టుకొని, గుంట చేసి, ముంతలో నెయ్యంతా ఒంపుకుంది. అందరూ తిన్నాక అడుగూబొడుగూ తినే మనిషి, నాకంటే పెద్ద ముద్ద పెట్టుకోవడం నేను చూసింది ఆ ఒక్కరోజే. నేను నా ముద్ద ముట్టకుండా ఆమెనే చూస్తూ కూర్చున్నాను. పాతికేళ్లు ఆలస్యంగా అడిగాను.

"తింటివా అత్తా?"

నోటి నిండా సంగటితో ఆమె నన్ను కసిరింది. "తింటాండా గదే, కండ్లు లేవా? నీది తిను."