వాళ్ల దిక్కు మోగిన డప్పు

ఒక మనిషి మీద ఇన్నేళ్లయినా నాకు కుళ్లు పోలేదు. అతను నాకు చేసిన చెడు ఏమీ లేదు. నల్లగొండలో నేను డిగ్రీ చదివేటప్పుడు మా పోటీ కాలేజీ ఫుట్‌బాల్ టీముకు కెప్టెన్, అంతే. మొన్నీమధ్య అతనికి పెద్ద ఉద్యోగం వచ్చిందని విన్నాను. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఆ రెండు కాలేజీలకు ఏటా ఒక ఆట ఉండేది. ఆ వారమంతా మేం వాళ్లు చాయ్ తాగే హోటల్ మెట్లు కూడా ఎక్కేవాళ్లం కాదు. నాకు ఆడటం రాదు. అరవడం మాత్రం బాగా వచ్చు. ఆట మరునాడు నా గొంతు పోకపోతే దోస్తులు నన్ను అనుమానంగా చూసేవాళ్లు.

తెలంగాణ వచ్చిన కొత్త రోజులవి. ఏ సభ జరిగినా వేదిక మీద డప్పు ఉండాల్సిందే. ఆ యేడు ఆటకు వారం ముందు హాస్టల్లో కూర్చున్నప్పుడు నా రూమ్మేటు, "మనకు గూడ డప్పులు కావాలెరా. కొట్టేటోళ్లు ఎవలన్న ఎరుకనా?" అని అడిగాడు. నేను చెప్పులేసుకుని బయటికి నడిచాను.

హాలియా దగ్గర మా ఊళ్లో, ఆ చుట్టుపక్కల, మా బాపును మించి డప్పు కొట్టేవాడు లేడు. కాల్వ కింద ఎకరన్నర కౌలుకు చేసేవాడు, పిలుపు వస్తే డప్పు భుజానేసుకునేవాడు. పెండ్లికీ కొట్టేవాడు, చావుకూ కొట్టేవాడు. ఆ రెండోదే నాకు నామోషీ. వేదికెక్కిన డప్పుకు అందరూ చప్పట్లు కొట్టారు గానీ, మా దర్వాజ పక్క మేకుకు వేలాడే డప్పును చూసి మేమెవరమో లెక్కగట్టేవాళ్లే ఎక్కువ. అందుకే హాస్టల్లో మా నాయన రైతు అని చెప్పుకున్నాను. అబద్ధం కాదు, సగం చెప్పి ఊరుకున్నాను.

బాపుకు ఒక పట్టుదల ఉండేది. ముందు ఎవరు ఆకు వక్క చేతిలో పెడితే వాళ్లకే కొడతాడు. ఆ తర్వాత ఎంత పెద్ద మనిషి వచ్చి అడిగినా కదలడు.

ఆట నాడు మేం స్టీలు పళ్లాలు, ఈలలు పట్టుకుని గ్రౌండుకు పోయాం. అవతలి గోలు వెనక పొగ లేస్తోంది. గడ్డి మంట మీద నలుగురు డప్పులు కాచుతున్నారు. వాళ్ల నడుమ, పెండ్లిళ్లకు మాత్రమే తీసే తెల్ల చొక్కాలో, మా బాపు. ఆ కెప్టెన్‌ది కాల్వ అవతలి ఊరు, బాగా భూములున్న ఇల్లు. వాడే మా ఇంటికి పోయి, మా అరుగు మీద కూర్చుని, ఆకు వక్క పెట్టి వచ్చాడట.

బంతి వాళ్ల కాళ్లకు దొరికితే దరువు ఉరికేది, మావాళ్లు లాక్కుంటే నిమ్మళించేది. మా పళ్లాల చప్పుడు మాకే వినపడలేదు. మా జూనియర్లు ఇద్దరు సిగ్గు లేకుండా ఆ దరువుకు అడుగులేశారు. కెప్టెన్ గోలు కొట్టి నేరుగా డప్పుల దగ్గరికి ఉరికి, "బాపూ!" అని మా బాపును పట్టుకుని ఎగిరాడు. బాపు వాడి వీపు చరిచి "శెభాష్ కొడుకా!" అన్నాడు. నాకు పదో తరగతిలో ఫస్ట్ క్లాసు వచ్చిందంటే "మంచిగైంది" అని బర్రెకు గడ్డి వేయడానికి పోయిన మనిషి. నాకు కుళ్లు పుట్టింది అప్పుడే. గోలు గురించి కాదు.

"గా పెద్దమనిషి మన దిక్కుంటే కప్పు మనదేరా" అన్నాడు రూమ్మేటు.

"కిరాయికి కొట్టేటోళ్లురా. ఎవలు పిలిస్తే వాళ్ల దిక్కే" అన్నాను నేను.

సగం ఆటకు విరామం ఇచ్చారు. నల్లా మా వైపు ఉంది, అందులో నీళ్లు రావడం లేదు. బాపు చెమటతో వచ్చి నల్లా తిప్పి చూసి, తలెత్తాడు. నన్ను చూశాడు. నా చుట్టూ ఉన్నవాళ్లనూ చూశాడు.

"సారూ, జర మంచినీళ్లిస్తరా?"

నా చేతిలోని సీసా ఇచ్చాను. పైకెత్తి తాగి, మూత పెట్టి తిరిగిచ్చాడు. నన్ను కాపాడుతున్నాడని తెలిసింది. తెలిసి హమ్మయ్య అనుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

రెండో గోలు కూడా వాడే కొట్టాడు. మేం ఓడిపోయాం.

గేటు దగ్గర ట్రాలీ ఆటో ఆగి ఉంది. కెప్టెన్ బాపును చేయిపట్టి ముందు సీట్లో కూర్చోబెడుతున్నాడు. వద్దు వద్దనుకుంటూనే దగ్గరికి పోయాను. నా దోస్తులు నా వెనకే ఉన్నారు. ఒక్క మాట అంటే చాలు. వాడు పొద్దటి నుంచి నోటినిండా అంటున్న మాటే. ఆ మాట అంటే వాడికి పోయేదేమీ లేదు, అందుకే అంత తేలిగ్గా వచ్చింది.

"ఎవలు బాపూ ఈయన? నీకు ఎరుకేనా?" అని అడిగాడు కెప్టెన్.

బాపు ఈసారి జవాబు నాకే వదిలేశాడు. నా మొహంలోకి చూస్తూ ఆగాడు.

"మాది... వాళ్ల ఊరే" అన్నాను.

బాపు ఒళ్లో డప్పు సర్దుకుని వాడి వైపు తిరిగాడు.

"అవ్ కొడుకా," అన్నాడు, "మా ఊరి పిలగాడే."